ఉత్తరపు గుమ్మం

లీలా గీసిన మొదటి గోడ రేకులా వచ్చింది. రెండోది దోమతెరలా వచ్చింది. మూడోసారి ఇంకు ఆరకముందే చెయ్యి తగిలి కాగితమంతా బురదయింది. దాన్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేసి, మళ్ళీ తీసి మడత విప్పి, ఎక్కడ తప్పిందా అని చూస్తూ కూర్చుంది.

అది పందొమ్మిదివందల డెబ్భై ఎనిమిది నవంబరు. నర్సీపట్నంలోని నీటిపారుదల ఆఫీసులో లీలా ట్రేసరు. కాలవల ప్లాన్లని ట్రేసింగ్ గుడ్డ మీదకి ఎత్తడం ఆమె పని. గీత ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకే లావుండాలి. ఒక మనిషి చేత్తో గీసిందన్న సంగతి ఎవరికీ తట్టకూడదు. పన్నెండేళ్ళుగా అలాగే గీస్తోంది, ఆ ఆఫీసులో ఆమె గీతకి వంక పెట్టినవాడు లేడు. ఇప్పుడు కూలిన గోడ ఒకటి గీయబోతే, ఆ పన్నెండేళ్ళ పనితనమే చేతికి అడ్డం వస్తోంది.

బొమ్మ అడిగింది చర్చి కమిటీ. వచ్చే ఫిబ్రవరికి చర్చి పెట్టి నూరేళ్ళవుతుంది. శతజయంతి సంచిక అచ్చు వెయ్యాలి. దాని మొదటి పేజీలో, గొలుగొండ రోడ్డులో మూడు మైళ్ళ అవతల చెరుకు తోటల మధ్య శిథిలమై ఉన్న రాతిగుడి బొమ్మ ఉండాలి. దొరలు కట్టించిన మొదటి చర్చి అది. నలభై ఏళ్ళ కిందట తుపానుకి పైకప్పు పోతే, దాన్ని వదిలేసి ఊళ్ళో కొత్తది కట్టుకున్నారు. ఫొటో వేద్దామంటే ఊళ్ళో ప్రెస్సులో ఫొటోలు మసి పూసినట్టు పడతాయి. పెన్నుతో గీసిన బొమ్మయితే విశాఖపట్నంలో అచ్చుకి జింకు రేకు బ్లాకు చేయించుకోవచ్చు, గీత గీతా తేటగా అచ్చవుతుంది. అందుకని కమిటీ కార్యదర్శి జీవానందం గారు లీలాని పిలిచి చెప్పారు.

జీవానందం గారు రిటైరైన హెడ్మాస్టరు. లీలాకి ఎనిమిదో తరగతి నుంచీ లెక్కలు చెప్పారు. తండ్రి లేని పిల్ల అని పట్టించుకుని, ట్రేసరు ట్రైనింగుకి దరఖాస్తు రాయించి, సర్టిఫికెట్ల మీద సంతకాల కోసం తనే తిరిగారు. ఆయన అడిగితే కాదనడం ఆమెకి తెలియదు.

ఆఫీసులో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ సోమసుందరం గారు ఆ దోమతెర గోడని కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"గోడ మీద వల వేశావేటమ్మా? గోడ ఎక్కడికి పారిపోతుంది?" అన్నారు.

తర్వాత నెమ్మదిగా వివరించారు. ప్లానులో గీత అంచు ఎక్కడుందో చెబుతుంది, అంతే. బొమ్మలో అంచు గీత అక్కర్లేదు, నీడ ఎక్కడ ఆగిపోతుందో అదే అంచు. ఇంతకుమించి తనకీ తెలియదనీ, బాగా తెలిసినవాళ్ళు వేసినవి ఎక్కడైనా దొరికితే భూతద్దం పెట్టి చూడమనీ అన్నారు.

చర్చి బీరువాలో చెదలు తిన్న పాత మిషను పత్రికలు ఉన్నాయి. వాటిలో ఏదో దేశంలోని కూలిన మఠం బొమ్మ ఒకటి దొరికింది. లీలా దాన్ని వారం రోజులు భూతద్దంతో చూసింది. అందులో నలుపు పూసిన చోటు ఒక్కటీ లేదు. అన్నీ గీతలే. స్తంభం మీద గీతలు స్తంభంతోపాటు వంపు తిరిగాయి. మెట్ల మీద పడుకున్నాయి. ఎండ తగిలిన చోట గీత సన్నబడి, తెగి, ఖాళీ వదిలి, అవతల మళ్ళీ మొదలైంది. లోతు నీడలో ఒక వరస మీద ఇంకో వరస ఏటవాలుగా, దాని మీద మరో వరస ఇంకొంచెం ఏటవాలుగా వెళ్ళాయి. అంత దట్టంలోనూ సందుల్లో తెలుపు సూదిమొనంత మెరుస్తూనే ఉంది.

ఒకే లావున గీత పడే రూలింగ్ పెన్ను పక్కన పెట్టేసింది. ముంచి రాసే పాళీ ఒకటి, నల్ల ఇండియన్ ఇంకు బుడ్డి ఒకటి తెచ్చుకుంది. ఆఫీసులో పారేసిన ప్రింట్ల వెనకవైపు చిన్న చిన్న గళ్ళు చేసుకుని ఒక్కో గడిలో ఒక్కో రకం నీడ పట్టింది. పాళీని నొక్కితే గీత లావెక్కుతుంది, వదిలితే సన్నబడుతుంది. మొదట్లో ఆ లావు తేడా చూస్తే తప్పు చేసినట్టుండేది. పదిహేను రోజులకి అలవాటైంది. సున్నం రాలిన గోడకి పొట్టి పొట్టి గీతలు, రాతికి ఒక్కో రాయికి ఒక్కో వాటం, మొండి గోడ మీద మొలిచిన గడ్డికి గీతలే వద్దు, వెనకనున్న నీడని గీస్తే గడ్డి దానంతటదే తెల్లగా నిలబడుతుంది. ఇవన్నీ ఒకరు చెబితే వచ్చినవి కావు. కాగితాలు పాడుచేసి నేర్చుకుంది.

డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన అవగానే బస్సెక్కి రాతిగుడికి వెళ్ళింది. పడమటి ముఖం దాదాపు పూర్తిగా నిలిచి ఉంది. తొమ్మిదడుగుల పెద్ద గుమ్మం, పైన కమాను, పక్కన పునాది రాయి. దక్షిణపు గోడ మోకాలెత్తు మాత్రం మిగిలింది. ఉత్తరపు గోడ చెక్కుచెదరలేదు. చలికాలం ఎండ దక్షిణం నుంచి వస్తుంది కాబట్టి ఉత్తరపు గోడ బయటి ముఖమంతా నీడలో ఉంది. ఆ నీడ మధ్యలో, వెనక మూలకి దగ్గరగా, ఒక చిన్న గుమ్మం. కప్పు లేదు, అవతలి గోడ లేదు, దాంతో లోపల పడిన ఎండంతా ఆ గుమ్మంలోంచి బయటికి కనిపిస్తోంది. నల్లటి గోడలో ఒక వెలుగు పలక నిలబెట్టినట్టుంది.

వాయువ్య మూల నుంచి చూస్తే పెద్ద గుమ్మం, చిన్న గుమ్మం రెండూ కనిపిస్తాయి. లీలా అక్కడే పీట వేసుకుంది. ట్రేసరు బుద్ధి పోక, టేపు పెట్టి కొలిచింది కూడా. చిన్న గుమ్మం ఎత్తు మూడడుగుల పదకొండంగుళాలు. పిల్లలకి తప్ప ఎవరికీ వంగకుండా దాటడం వీలుపడదు. అంత చిన్నది ఎందుకు పెట్టారో ఆమెకి అర్థం కాలేదు.

ఇంటికొచ్చి తల్లి ఎస్తేరమ్మని అడిగింది. ఎస్తేరమ్మకి అరవై మూడేళ్ళు. మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసింది. బియ్యంలో రాళ్ళేరుతున్నదల్లా చేట పక్కన పెట్టింది.

"ఆ గుమ్మం నీకెందుకే? ఒగ్గీ" అంది.

లీలా వదల్లేదు. చివరికి ఎస్తేరమ్మ ముక్కలు ముక్కలుగా చెప్పింది. పెద్ద గుమ్మం ఊళ్ళోవాళ్ళది. అంటరానివాళ్ళంటూ ఊరు దూరం పెట్టిన పేటలోంచి వచ్చి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకి ఆ చిన్న గుమ్మం. లోపల వెనకాల ఒక కర్ర అడ్డం ఉండేది, దాని వెనక నేల మీద కూర్చోవాలి. ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం అందరికీ అయ్యాక వాళ్ళకి. దొరలకిది ఇష్టం లేదంటారు, కాని ఊళ్ళోవాళ్ళు రామంటే ఊరుకున్నారు. ఎస్తేరమ్మ తల్లికి బాప్తిస్మంలో మార్త అని పేరు పెట్టారు. ఆ పేరు పుస్తకంలోనే ఉండిపోయింది. అందరికీ ఆవిడ గున్నమ్మే.

"మాయమ్మ తల మీద కొంగేసుకుని, సంకలో నన్నెట్టుకుని వంగేది. ఒకపాలి నా తల రాయికి కొట్టుకుంది. ఏడిస్తే నోరు మూసింది, లోపల పాట పాడతన్నారని. అవన్నీ ఎల్లిపోనాయి. ఇప్పుడు ఒకటే గుమ్మం. ఇంక నువ్వు తవ్వకు" అంది.

కొత్త చర్చిలో గుమ్మం ఒకటే, నిజమే. ఏ బల్ల మీద ఎవరు కూర్చోవాలో మాత్రం ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. లీలా చిన్నప్పటినుంచీ వెనకనుంచి మూడో బల్లే. అదెందుకో ఆ పూట దాకా ఆలోచించలేదు.

జనవరి మొదటి వారానికి బొమ్మ పూర్తయింది. ఆరు ఆదివారాలు పట్టింది. పడమటి ముఖం ఎండలో తేలిగ్గా వచ్చింది. ఉత్తరపు గోడకి మూడు వరసల గీతలు పడ్డాయి. చిన్న గుమ్మం దగ్గర పాళీ ఆపేసింది. అక్కడ కాగితం కాగితంలాగే వదిలేసింది. సోమసుందరం గారు బొమ్మని చేయి చాచి దూరంగా పట్టుకుని చూశారు. తర్వాత "కన్ను ముందు అక్కడికే పోతోందమ్మాయ్" అన్నారు. ఆయనకి ఆ గుమ్మం కథ తెలియదు.

కమిటీకి తెలుసు. చర్చి పక్క గదిలో బొమ్మ బల్ల మీద పరిస్తే, నలుగురు పెద్దలూ మెచ్చుకోబోయి ఆగిపోయారు. బొమ్మ తన దగ్గర ఉంచి వెళ్ళమన్నారు జీవానందం గారు. ఆ సాయంత్రం ఒంటరిగా ఆమె ఇంటికి వచ్చారు. ఆయన తాతగారి పేరు ఆ పునాది రాయి మీద ఉంది. పెద్ద గుమ్మంలోంచి మొదట అడుగు పెట్టిన ఇళ్ళలో వాళ్ళదొకటి.

ఆయన కోప్పడలేదు. కుర్చీ అంచున కూర్చుని, పని గొప్పగా ఉందన్నారు. సంచిక విశాఖపట్నం దాకా, పై ఊళ్ళ చర్చిల దాకా వెళుతుందనీ, సంతోషంగా చేసుకునే పండగలో ఎందుకీ ప్రశ్న రావాలనీ అన్నారు. చేయవలసింది చాలా చిన్న పని. ఆ గోడ ఎలాగూ నీడలోనే ఉంది.

"అక్కడ కూడా నాలుగు గీతలు దట్టంగా వేసెయ్యమ్మా. గోడలో కలిసిపోతుంది. ఎవరూ చూడరు" అన్నారు.

"అక్కడ సీకటి లేదు సారూ," అంది లీలా. తడబడినప్పుడు ఆమెకి ఇంటి మాట వచ్చేస్తుంది. గొంతు సవరించుకుంది. "గోడంతా చీకటి. గుమ్మంలోనే వెలుగుంది. నేను చూసింది అది. లేని చీకటి నేను గీయలేను."

"నేను అడిగినా?"

"మీరడిగారనే ఇంతైనా ఆలోచించాను."

ఆయన లేచి గొడుగు తీసుకున్నారు. ఎస్తేరమ్మ ఇచ్చిన మజ్జిగ అలాగే ఉండిపోయింది. ఆయన వెళ్ళాక ఎస్తేరమ్మ కూతుర్ని తిట్టింది. అన్నం పెట్టిన చెయ్యి అంది. ఆ ఉద్యోగం ఎవరి వల్ల వచ్చిందో గుర్తుందా అంది. లీలా తలవంచుకుని విన్నది. గుర్తుంది కాబట్టే ఆ రాత్రి అన్నం సయించలేదు.

పది రోజుల తర్వాత, ప్రెస్సు నడిపే సింగన్న ఆఫీసు దారిలో ఆమెని ఆపాడు. బ్లాకు విశాఖపట్నం నుంచి వచ్చిందనీ, నమూనాకి ఒక ప్రూఫు తీశాననీ, చూసుకోమనీ చూపించాడు. లీలా ప్రూఫు అందుకుంది. పెద్ద గుమ్మం ఉంది. కమాను మీద గడ్డి ఉంది. ఉత్తరపు గోడలో గుమ్మం లేదు. అది ఉండాల్సిన చోట చిక్కటి నల్ల మచ్చ. చుట్టూ గీతలు ఊపిరి పీలుస్తున్నట్టుంటే, అది ఒక్కటీ తారు పోసినట్టుంది.

నేరుగా జీవానందం గారింటికి వెళ్ళింది. ఆయన దాచలేదు.

"నేనే నింపాను. ఇంకొకరి చేత చేయించడం ఇష్టంలేక నా చేత్తోనే నింపాను."

కింద తన పేరు తీసేయమంది. అది తను వేసిన బొమ్మ కాదంది. పేరు లేకుండానే వేస్తామన్నారు ఆయన. అసలు బొమ్మ తిరిగి ఇవ్వమంటే, అది చర్చి ఆస్తి అన్నారు. అప్పటిదాకా లీలాకి ఏడుపు వచ్చేలా ఉంది. ఆ మాటతో అది పోయింది.

"ఉంచుకోండి సారూ. నా చెయ్యి నా దగ్గరే ఉంది. ఇంకోటి గీత్తాను" అని వచ్చేసింది.

ఈసారి మొత్తం గుడి గీయలేదు. ఉత్తరపు గోడ, ఆ గుమ్మం, అంతే. ఆఫీసుకి సెలవు పెట్టి, గోడకి ఎదురుగా చెరుకు గట్టు మీద కూర్చుంది. మొదటి బొమ్మలో భయం భయంగా పడిన గీతలు ఇప్పుడు తడుముకోలేదు. గడప రాయి మధ్యలో అరిగి పళ్ళెంలా గుంట పడింది. యాభై అరవై ఏళ్ళు ఎందరి పాదాలు పడితే అలా అరిగిందో. ఆ గుంట కోసం ఒక పూటంతా కూర్చుని, దాని వంపుతోపాటు వంగే సన్నటి గీతలు గీసింది. గుమ్మం పై రాతి అంచున నున్నగా ఒక మరక ఉంది. వంగడం చాలక తలలు రాసుకున్న చోటు అది. అక్కడ చుక్కలు పెట్టింది.

మూడో రోజున ఇంట్లో ఎస్తేరమ్మ బొమ్మ దగ్గరకొచ్చి నిలబడింది. రెండు వారాలుగా తల్లీ కూతుళ్ళ మధ్య మాటల్లేవు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ మరక మీద వేలు ఆనించబోయి, ఇంకు తడి అని ఆగింది.

"ఇక్కడే కొట్టుకుంది నా తల" అంది. పీట లాక్కుని కూర్చుంది. "నానిన్నాళ్ళూ సిగ్గుపడి సెప్పలేదే. మాయమ్మ వంగిందని సిగ్గు. వంగబెట్టినోలు సిగ్గుపడాల గాని, వంగినోలకి సిగ్గేటి? రాసుకో, ఎవరెవరు ఎల్లేవోరో సెప్తాను."

ఆ పూట ఆమె వరసగా పేర్లు చెప్పింది. కొన్ని గుర్తు రాక, కొంగు నడుముకి దోపుకుని పేటలోకి వెళ్ళి ముసలివాళ్ళని అడిగి వచ్చింది. మొత్తం ముప్పై నాలుగు పేర్లు తేలాయి. గున్నమ్మతో మొదలుపెట్టి, ప్లాన్ల కింద రాసే అక్షరాల్లో లీలా వాటిని బొమ్మ అడుగున రాసింది. పైన ఇంత మాత్రం రాసింది: ఉత్తరపు గుమ్మం. ఎత్తు మూడడుగుల పదకొండంగుళాలు. ఈ గుమ్మంలోంచి వచ్చినవారు.

తనే బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళి బ్లాకు చేయించుకొచ్చింది. సింగన్న బ్లాకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. సంచిక అచ్చవుతున్నది అతని ప్రెస్సులోనే. కమిటీకి తెలిస్తే ఇంక పని ఇవ్వరు. కావాలంటే ప్రెస్సు పేరు వేయొద్దని లీలాయే అంది. సింగన్న ఒప్పుకోలేదు.

"పేరు లేకుండా అచ్చేస్తే తప్పు. వేస్తే కమిటీవోలకి కోపం. తప్పు కన్నా కోపమే నయం" అని, అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు పెట్టి మూడువందల కాగితాలు అచ్చువేశాడు.

శతజయంతి ఆదివారం చర్చి గేటుకి మామిడాకులు కట్టారు. తల్లీ కూతుళ్ళిద్దరూ ఎనిమిదింటికే వెళ్ళి గేటు పక్కన నిలబడ్డారు. లోపలికి వెళ్ళే ప్రతివాళ్ళకీ ఒక కాగితం అందించారు. కొందరు ఏదో పాటల కాగితమనుకుని తీసుకున్నారు. కొందరు చూసి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఒకాయన చింపి కాలవలో వేశాడు. పేటనుంచి వచ్చిన ఒక ముసలాయన చదవలేక, తన తండ్రి పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, ఆ చోట వేలు పెట్టుకుని లోపలికి నడిచాడు.

బ్యాడ్జీ పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, గేటు దగ్గర ఉండకూడదన్నారు, కమిటీ చెప్పిందన్నారు. లీలా ఏదో అనబోయింది. ఎస్తేరమ్మే ముందు మాట్లాడింది.

"మాయమ్మ ముప్పై ఏళ్ళు గుమ్మం కాడ వంగింది బాబూ. నానొక పూట నిలబడితే మీకేటి నొప్పి?"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు. జీవానందం గారు కొత్త పంచెలో వచ్చారు. లీలా ఆయనకీ కాగితం అందించింది. ఆయన తీసుకుని, అక్కడే నిలబడి, పేర్లు చివరిదాకా చదివారు. ఆమె మొహంలోకి మాత్రం చూడలేదు. కాగితాన్ని సంచిక పుస్తకంలో పెట్టుకుని లోపలికి వెళ్ళారు. కాగితాలన్నీ అయిపోయాక తల్లీ కూతుళ్ళూ వెళ్ళారు. లీలా వెనకనుంచి మూడో బల్ల దాటి ముందుకి నడిచి, ఎడం పక్క రెండో బల్లలో తల్లిని కూర్చోబెట్టి, తనూ కూర్చుంది. ఆ బల్లలో ఉన్నవాళ్ళు కొంచెం జరిగారు. చోటివ్వడానికో, దూరానికో తెలియలేదు. ఆమె పట్టించుకోలేదు.

దానికి ఫలితం అనుభవించక తప్పలేదు. సండే స్కూలు పాఠాలు చెప్పడం నుంచి లీలాని తప్పించారు. సింగన్నకి చర్చి పని రెండేళ్ళు రాలేదు. ఎస్తేరమ్మని ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్ళు పలకరించడం మానేశారు. జీవానందం గారు దారిలో ఎదురైతే తల పంకించేవారు తప్ప మాట్లాడేవారు కాదు. ఎనభై ఒకటిలో ఒక రోజు, ఎవరితోనో ఒక అట్టగొట్టం పంపారు. విప్పితే మొదటి బొమ్మ, తారు మచ్చతో సహా. ఉత్తరం లేదు. లీలా బ్లేడుతో ఆ ఇంకు గీకి చూసింది. నలుపు పోయింది గాని కాగితం పీచు లేచి, గుమ్మం బూడిద రంగులో గరుగ్గా మిగిలింది. దాన్ని అంతకన్నా బాగుచేయాలని ఆమె ప్రయత్నించలేదు.

ఆ మరుసటేడు రోడ్డు వెడల్పు చేస్తూ, కల్వర్టుకి రాళ్ళు చాలక కంట్రాక్టరు ఉత్తరపు గోడ విప్పుకుపోయాడు. వద్దని లీలా రాసిన అర్జీకి జవాబు రాలేదు. ఎస్తేరమ్మ వెళ్ళి చూసొచ్చి, పోతే పోయిందిలే, ఆ పేర్లు ముప్పై ఇళ్ళలో గోడలకున్నాయి అంది.

ఒక శనివారం మధ్యాహ్నం రోలుగుంట నుంచి అప్పాయమ్మ అనే ఆవిడ ఆ కాగితం పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఎవరింట్లోనో గోడ మీద చూసి, అడిగి తెచ్చుకుందట. వాళ్ళ పేటలో పాతకాలపు మట్టి ప్రార్థన మందిరం ఒకటి ఉందనీ, కప్పు ఇప్పటికే జారిందనీ చెప్పింది.

"ఈ వానలకి ఉండదమ్మా అది. కూలిందాక ఆగితే గీయడానికేటి ఉంటాది? బేగి రావాల మీరు" అంది.

మర్నాడు ఆరాధన ఉంది. అయినా లీలా పాళీ మొన వేలి మీద ఆనించి చూసి, అరిగిపోయిందని కొత్తది బిగించింది. పొద్దున్న మొదటి బస్సు ఎన్నింటికో అప్పాయమ్మని అడిగింది.